గద్దల ఇలాకా గొడవలు చూడటానికి ఈ 80 మిల్లీమీటర్ల స్కోప్: ఒక గూడు కాలం మొత్తం వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను. గూటి మీదున్న గద్దనో డేగనో దాని జోలికి పోకుండా గంటల తరబడి చూడాలనుకునే వాళ్లకి 80 మిల్లీమీటర్ల స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద పెట్టి ఒక కంటితో చూసే దూరదర్శిని) కంటే బాగా పనికొచ్చే వస్తువు నాకు ఇంతవరకు కనిపించలేదు. ఆకాశంలో జరిగే పోట్లాటలు చూడాలని దీన్ని కొంటే మాత్రం నిరాశ పడతారు. రెండు మాటలూ నిజమే, రెండూ ఒకే వస్తువు గురించే. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపికగా చదవండి.

నా దగ్గరున్నది 20 నుంచి 60 రెట్ల దాకా జూమ్ అయ్యే ఐపీస్ (కన్ను ఆనించి చూసే భాగం), 80 మిల్లీమీటర్ల ముందు అద్దం, ఐపీస్ ఏటవాలుగా పైకి తిరిగి ఉండే మోడల్. కంపెనీ పేరు రాయడం లేదు. ఇందులో ఒక భాగం నన్ను సరిగ్గా అవసరమైన రోజుల్లో ఇబ్బంది పెట్టింది, ఒక్క పీసును చూసి కంపెనీ మొత్తాన్ని అనడం న్యాయం కాదు. పైగా ఈ సైజు స్కోపుల్లో నేను చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు ఏ కంపెనీదైనా ఒకటే, ఎందుకంటే అవి అద్దాల లెక్కల్లోంచి వచ్చేవి.

అసలు ఎందుకు కొన్నానో చెబితేగానీ మిగతాది అర్థం కాదు.

కిందటి గూడు కాలంలో నా దగ్గర 8×42 బైనాక్యులర్స్ (8 రెట్లు, 42 మిల్లీమీటర్ల ముందు అద్దాలు) ఒక్కటే ఉండేది. చూసింది మామూలు గద్దల జతని, అదే నల్ల గద్ద, తోక కొస కొంచెం చీలినట్టు ఉండేది. ఎత్తైన చెట్టు మీద పైకొమ్మల పంగలో గూడు. నేను ఆ చెట్టుకి సుమారు 120 మీటర్ల దూరంలో ఒక పొద పక్కన కూర్చుని రోజూ చూశాను. ఆడ గద్ద తెగ హడావిడిగా ఉండేది. గూటి అంచున నిలబడి మెడ చాచి చూడటం, సన్నగా వణికే కూత పెట్టడం, లేచి చెట్టు చుట్టూ రెండు చుట్లు తిరిగి మళ్లీ వచ్చి వాలడం. నేను నోట్‌బుక్ నిండా 'హద్దు కాపలా', 'హద్దు కాపలా' అని రాసుకుంటూ పోయాను. ఎంత ధైర్యం దీనికి, తన ఇలాకాని ఎంత గట్టిగా కాచుకుంటోంది అని మురిసిపోయాను కూడా.

ఒకరోజు నోట్‌బుక్ బండిలో మరిచిపోయి వెనక్కి నడిచాను. బండి దగ్గర నిలబడి ఊరికే ఒకసారి బైనాక్యులర్స్ పెట్టి చూస్తే గద్ద గూటిలో దిగి పడుకుంది. కూత లేదు. కాసేపు అక్కడే ఉండి చూశాను, కదల్లేదు. మళ్లీ నా పొద దగ్గరికి వచ్చి కూర్చున్న రెండు నిమిషాలకి లేచి నిలబడింది, కూత మొదలు. అప్పుడు అర్థమైంది, ఇన్ని రోజులూ అది తరుముతున్నది ఏ వేరే గద్దనో కాదు, నన్ను. నా నోట్‌బుక్‌లో ఉన్నది గద్ద ఇలాకా కాపలా కాదు, నా వల్ల దానికి పుట్టిన టెన్షన్.

ఇది చిన్న తప్పు కాదు. పొదిగే గద్ద లేచిన ప్రతిసారీ గుడ్లు బయటపడతాయి. ఎండైతే వేడెక్కుతాయి, చల్లగా ఉంటే చల్లారతాయి, పక్కనే కాకులు కాచుకుని ఉంటాయి. గుడ్డులోంచి బయటికొచ్చిన మొదటి రోజుల్లో పిల్లలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు, తల్లి రెక్క కిందే బతకాలి. పిల్లలు పెద్దయ్యాక ఇంకో ప్రమాదం, భయపడితే ఎగరడం రాకముందే గూటిలోంచి దూకేస్తాయి. ఆ రోజుతో ఆ గూటి దగ్గరికి వెళ్లడం మానేశాను.

ఇప్పుడు లెక్క చూడండి. 8 రెట్ల బైనాక్యులర్స్‌తో 120 మీటర్ల నుంచి చూస్తే 15 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. స్కోప్ 30 రెట్ల దగ్గర పెట్టి 450 మీటర్ల నుంచి చూసినా అదే 15 మీటర్లు. నా కంటికి కనిపించే గద్ద సైజు మారలేదు. గద్ద కంటికి కనిపించే నేను మారిపోయాను. ఈ స్కోప్‌కి నేను పెట్టిన డబ్బంతా ఆ తేడా కోసమే, దగ్గరగా చూపిస్తుందని కాదు.

ఈసారి వేరే జత, వేరే చెట్టు. అవి గూడు మొదలుపెట్టే ముందే నేను కూర్చునే చోటు చూసుకున్నాను, 450 మీటర్ల దూరం, వెనక చెట్ల నీడ, నా ఆకారం ఆకాశం మీద నల్లగా కనపడకుండా. రోజూ ఒకే దారిలో వచ్చి ఒకే దారిలో వెళ్లడం. మొదటి రోజు స్కోప్ పెట్టి చూసినప్పుడు మగది ఒక ఎండుకొమ్మ మీద కూర్చుని ఈకలు దువ్వుకుంటోంది. నా వైపు ఒకసారి చూసింది, మళ్లీ రెక్క కిందకి ముక్కు పెట్టుకుంది. నేను ఊపిరి వదిలాను.

ఆ ఎండుకొమ్మ గూటికి ఓ 60 మీటర్ల అవతల ఉంటుంది. దాని మీదే రోజులో సగం గడిపేది. ఒక పొద్దున జరిగింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. స్కోప్‌లో అది నిండుగా ఉంది, మెడ ఈకలు గాలికి విడిపోయి మళ్లీ కలవడం కూడా తెలుస్తోంది. ఉన్నట్టుండి ఆ ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయాయి. అప్పటిదాకా బొద్దుగా ఉన్న పక్షి సన్నబడిపోయింది. తల పక్కకు వంచి ఒక కన్ను పైకి పెట్టింది. నేను స్కోప్ వదిలి ఆకాశంలో చూస్తే ఏమీ లేదు. మళ్లీ స్కోప్‌లో చూస్తే ముక్కు తెరిచి ఉంది, గొంతు కింద ఈకలు అదురుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. సెకను దాటాక అప్పుడు వినపడింది కూత, 450 మీటర్లు నడిచి రావాలి కదా. తర్వాత బైనాక్యులర్స్ తీసి ఆకాశం అంతా వెతికితే చాలా ఎత్తులో చుక్కలా ఇంకో గద్ద దొరికింది. కొమ్మ మీది గద్ద నాకంటే ఎంత ముందు దాన్ని చూసిందో.

మగది లేచింది. మామూలుగా ఎగిరినట్టు కాదు, రెక్కలు బిగబట్టి, లోతుగా, ఒక్కో ఊపూ లెక్కపెట్టుకున్నట్టు. ఆ వచ్చిన దాని కంటే పైకి ఎక్కేదాకా చుట్లు తిరిగింది, పైనుంచి దాని మీదకి ఒక వాలు. తగల్లేదు, అది పక్కకి జరిగింది. ఇంకో వాలు. మూడోసారికి అది దారి మార్చుకుని పోయింది, మన గద్ద దాని వెనకే కొంతదూరం వెళ్లి, ఒక వరుస చెట్ల మీదికి వచ్చేసరికి ఇక చాలన్నట్టు వెనక్కి తిరిగింది. ఇంత జరుగుతుంటే ఆడది ఏం చేసిందో తెలుసా? గూట్లో ఇంకా కిందకి అణిగిపోయింది. తోక కొస, తల పైభాగం, ఒక కన్ను, అంతే పైకి కనిపించింది. ఆ కన్ను మాత్రం పైన తిరుగుతున్న వాటి వెంటే కదిలింది. కిందటేడాది నేను చూసిన 'ధైర్యం' ఎంత అబద్ధమో అప్పుడు తెలిసింది. నిజంగా ఇలాకా మీదకి ఎవరైనా వస్తే గుడ్ల మీదున్నది లేవదు, వీలైనంత కనపడకుండా ఉంటుంది, పోట్లాట బయట కాపలా ఉన్నది చూసుకుంటుంది. ఈ జతలో నేను చూసినంతవరకు అదే పద్ధతి.

ఇక్కడే స్కోప్ మొదటి మైనస్ కూడా చెప్పాలి. పైన రాసినదాంట్లో కొమ్మ మీది సంగతీ గూట్లో సంగతీ స్కోప్‌లో చూశాను. ఆకాశంలో జరిగిందంతా బైనాక్యులర్స్‌లోనే. స్కోప్ 30 రెట్ల దగ్గర ఉంటే 450 మీటర్ల దూరంలో నాకు కనిపించే వెడల్పు 13, 14 మీటర్లు మాత్రమే. రెక్కలు చాపితే గద్ద ఒక్కటే ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది. రెండు గద్దలు ఒకదాన్నొకటి తరుముకుంటుంటే ఆ చిన్న గుండ్రంలో ఒక్క సెకను కూడా నిలవవు. ఎగిరే పక్షి వెంట స్కోప్ తిప్పడం నేర్చుకోవచ్చు, నేనూ కొంత నేర్చుకున్నాను, కానీ హద్దు గొడవలో ముఖ్యం ఒక పక్షి కాదు, రెండు పక్షుల మధ్య దూరం, ఎవరు పైన ఎవరు కింద, ఎక్కడ తిరిగి వెనక్కి వచ్చాయి అనేవి. దానికి వెడల్పు చూపించే బైనాక్యులర్సే కావాలి. స్కోప్ కొన్నాక బైనాక్యులర్స్ అమ్మేద్దామనుకునే వాళ్లు దయచేసి ఆ పని చేయకండి.

ఒకసారి రెండు గద్దలు కాళ్లు చాచి గోళ్లు పెనవేసుకుని గిరగిరా తిరుగుతూ కిందకి పడిపోవడం చూశాను. సరిగ్గా ఆ క్షణంలో నేను స్కోప్ మీదున్నాను, కళ్లెత్తి బైనాక్యులర్స్ పెట్టేసరికి విడిపోయాయి. చాలామంది దీన్ని జతకట్టే ముందు ఆడే ఆట అనుకుంటారు. వేటపక్షుల్లో ఇలా గోళ్లు పట్టుకుని తిరగడం ఎక్కువసార్లు నిజమైన పోట్లాటే. దాన్ని సగంలో కోల్పోయినందుకు బాధ ఇంకా పోలేదు.

అద్దాల సంగతికి వద్దాం. కొనే ముందు అందరూ 60 రెట్లు అన్న అంకె చూసి ఆగిపోతారు. నేను ఈ కాలమంతా కలిపి 60 దాకా తిప్పింది చాలా తక్కువసార్లు. ఐపీస్‌లోంచి మన కంట్లోకి వచ్చే వెలుగు గుండ్రం ఎంత వెడల్పు అనేది ముందు అద్దాన్ని రెట్లతో భాగిస్తే వస్తుంది. 20 రెట్ల దగ్గర 4 మిల్లీమీటర్లు, 60 దగ్గర 1.3 మాత్రమే. 8×42 బైనాక్యులర్స్‌లో అదే 5 మిల్లీమీటర్లు దాటుతుంది. తెల్లవారుజామున మన కంటిపాప బాగా విచ్చుకుని ఉంటుంది, అంత చిన్న వెలుగు దానికి ఏ మూలకీ చాలదు, బొమ్మ బూడిదరంగులో ముద్దలా ఉంటుంది. కాబట్టి తెల్లారాక మొదటి అరగంట 20 నుంచి 25 మధ్యే వాడండి. వెలుగు బాగా వచ్చాక 30 నుంచి 40. గూట్లో పిల్లల నోట్లో ఏం పెట్టిందో చూడాలన్నప్పుడు, గాలి నిలకడగా ఉన్నప్పుడు, అప్పుడు 50 దాకా వెళ్లండి.

గాలి నిలకడ అన్నాను, అది అసలైన శత్రువు. ఎండ ముదిరేకొద్దీ నేల మీంచి వేడిగాలి లేస్తుంది, బొమ్మ నీళ్లలో కదిలినట్టు వణుకుతుంది. ఎంత మంచి అద్దమైనా ఏమీ చేయలేదు, జూమ్ పెంచితే ఆ వణుకూ పెరుగుతుంది. విచారం ఏమిటంటే గద్దలు ఎత్తులో చుట్లు తిరిగి తమ ఇలాకా చాటుకునేది కూడా ఆ వేడిగాలి లేచాకే, ఆ గాలి మీదే అవి రెక్క ఊపకుండా పైకి పోతాయి. అంటే వాటికి పని మొదలయ్యేసరికి స్కోప్‌కి పని తగ్గుతుంది. ఒక ఊరట ఉంది, పైకి ఎత్తి చూస్తే నేలకి దగ్గరున్న వేడిగాలిని చూపు తొందరగా దాటేస్తుంది కాబట్టి ఎత్తున తిరిగే పక్షి ఫర్వాలేదనిపిస్తుంది, అదే సమయంలో పొలం మీదుగా అడ్డంగా గూటిని చూస్తే మాత్రం ఏమీ తెలియదు. మబ్బు పట్టిన రోజు పండగే, మధ్యాహ్నం దాకా చూడొచ్చు.

రంగు అంచుల గురించి. నల్లటి గద్ద తెల్లటి ఆకాశం ముందు కూర్చుంటే నాసిరకం అద్దాల్లో దాని చుట్టూ ఊదారంగో ఆకుపచ్చో గీతలా కనిపిస్తుంది. ఈ స్కోప్‌లో రంగు చెదరకుండా ఆపే ప్రత్యేకమైన గాజు వాడారు, 40 రెట్ల దాకా అంచు శుభ్రంగా ఉంది, ఆపైన కొంచెం ఊదా మెరుపు కనిపిస్తుంది. నాకది పెద్ద సమస్య అనిపించలేదు. వేటపక్షులు చూసేవాళ్లకి ఇది ముఖ్యం ఎందుకంటే మనం చూసేది దాదాపు ఎప్పుడూ ముదురు పక్షి, లేత ఆకాశం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చిన సంగతి. గూటి అంచున తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు. బైనాక్యులర్స్‌లో చూస్తే ఏదో తెల్లగా ఉందని మాత్రమే తెలిసేది, రెట్ట అనుకున్నాను. 45 రెట్ల దగ్గర చూస్తే చిరిగిన సంచి ముక్క, అంచు గాలికి ఎగురుతోంది, పక్కనే ఇంకోటి పుల్లల మధ్య కుక్కి ఉంది. ఇది చెత్త ఏరుకొచ్చుకోవడం కాదు. స్పెయిన్‌లో దొన్యానా నేషనల్ పార్క్‌లో నల్ల గద్దల మీద చేసిన పరిశోధన 2011లో సైన్స్ పత్రికలో వచ్చింది. గద్దలు గూటికి తెల్ల ప్లాస్టిక్ తగిలించేది సాటి గద్దలకి హెచ్చరికగా అని అందులో తేల్చారు. మంచి వయసులో ఉండి, మంచి ఇలాకా పట్టుకుని, పోట్లాటలో నెగ్గుకొచ్చే పక్షులు ఎక్కువగా తగిలిస్తాయి, మరీ చిన్నవీ బాగా ముసలివీ తగిలించవు. ఇది నాది, దీన్ని కాచుకునే బలం నాకుంది అని బోర్డు పెట్టుకున్నట్టు. ఆ ముక్కని చూస్తూ ఎంతసేపు ఉండిపోయానో. గుడ్లు పెట్టే ముందు రోజుల్లో మగది ఇంకో ముక్క తెచ్చి ఆడదాని పక్కన పెట్టడం, ఆడది దాన్ని ముక్కుతో పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చివరికి అంచున నొక్కడం, ఇదంతా అర కిలోమీటరు దూరం నుంచి కనిపించింది. ఈ ఒక్కటి చూడటానికే ఈ స్కోప్ కొన్నానన్నా నాకు సమ్మతమే.

ఏటవాలు ఐపీస్ మంచిదా తిన్నగా ఉండేది మంచిదా అని చాలామంది అడుగుతారు. గూటి దగ్గర గంటలు కూర్చునే పనికి ఏటవాలుదే. చెట్టు మీదికి చూస్తూ మెడ నొప్పి రాదు, ట్రైపాడ్ తక్కువ ఎత్తులో పెట్టుకోవచ్చు కాబట్టి గాలికి తక్కువ ఊగుతుంది, నేల మీద కూర్చునే చూడొచ్చు కాబట్టి మనిషి ఆకారం కూడా చిన్నగా ఉంటుంది. నష్టం ఒకటే, మనం చూసే దిక్కూ గొట్టం దిక్కూ ఒకటి కాదు, పక్షిని అందులోకి తెచ్చుకోవడం మొదట్లో చాలా కష్టం. నేను గొట్టం ముందు భాగానికి వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి బిగించి దాని కొస పైకి నిలబెట్టాను, తుపాకీ మీద గురిలాగా. కొస మీద పక్షి కనిపిస్తే ఐపీస్‌లోనూ ఉన్నట్టే. పక్షులు చూసేవాళ్లలో ఇది పాత చిట్కానే, ఇంత తేలిక ఉపాయాన్ని కంపెనీలే ఎందుకు గొట్టం మీద పెట్టి ఇవ్వవో.

కళ్లజోడు వాళ్లకి ఒక మాట. ఐపీస్ రబ్బరు కిందకి తిప్పేసి చూడాలి. 20 దగ్గర మొత్తం గుండ్రం కనిపిస్తుంది, జూమ్ పెంచేకొద్దీ కన్ను దగ్గరగా పెట్టాల్సి వస్తుంది, 50 దాటాక నా కళ్లజోడుతో చుట్టూ నల్లటి నీడ వచ్చింది. కళ్లజోడు తీసేసి ఫోకస్ మార్చుకుని చూడటం అలవాటు చేసుకున్నాను, కానీ నోట్‌బుక్‌లో రాయాలంటే మళ్లీ పెట్టుకోవాలి, తీయాలి, పెట్టుకోవాలి.

ఫోకస్‌కి రెండు చక్రాలు, ఒకటి గబగబా తిరిగేది, ఇంకోటి నెమ్మదిగా సరిచేసేది. నెమ్మది చక్రం చాలా బాగుంది.

ఇక ఇబ్బంది పెట్టిన భాగం. గొట్టాన్ని పక్కకు తిప్పుకోవడానికి మధ్యలో ఒక కాలర్, దాన్ని బిగించే స్క్రూ ఉంటాయి. పిల్లలు బయటికొచ్చిన వారంలో ఆ స్క్రూ పట్టు వదిలేసింది. బిగించి గూటి మీద పెడితే రెండు మూడు నిమిషాల్లో బరువుకి గొట్టం మెల్లగా పక్కకు ఒరిగిపోతుంది, చూస్తూ చూస్తూ ఉండగానే గూడు గుండ్రంలోంచి జారిపోతుంది. అమ్మినవాళ్లకి రాస్తే పార్సిల్ చేసి పంపమన్నారు, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేదు. పిల్లలు ఎదిగేది ఆరేడు వారాలు, అందులో రెండు మూడు వారాలు స్కోప్ లేకుండా పోతే ఆ కాలం పోయినట్టే. పంపలేదు. కాలర్ లోపల పలచటి రబ్బరు ముక్క పెట్టి బిగించాను, నిలబడింది. కానీ ఇంత బరువున్న వస్తువులో ఇంత ముఖ్యమైన స్క్రూ ఇలా ఉండకూడదు. రిపేరుకి ఎన్ని రోజులు, ఈలోపు వేరేది ఇస్తారా అనేది కొనే ముందే రాతపూర్వకంగా అడగండి, గూడు కాలం మన కోసం ఆగదు.

ట్రైపాడ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. స్కోప్‌తో పాటు వచ్చిన తేలికపాటిది మొదటి రోజే పక్కన పెట్టాను. గాలి వీస్తే 30 రెట్ల దగ్గర బొమ్మ ఊగుతుంది, ఫోకస్ ముట్టుకుంటే ఊగుతుంది, వదిలాక కుదురుకోవడానికి రెండు సెకన్లు. బరువైన కాళ్లు, వీడియో తీసేవాళ్లు వాడే, లోపల చిక్కటి ద్రవం ఉండి మెత్తగా తిరిగే హెడ్డు ఉన్నదానికి మార్చాక అదే స్కోప్ వేరే స్కోప్ అనిపించింది. స్కోప్ మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి అయినా మంచి ట్రైపాడ్ కొనమని నా గట్టి సలహా. మోత మాత్రం తప్పదు, నడిచి చాలా దూరం పోవాల్సిన వాళ్లు 65 మిల్లీమీటర్ల స్కోప్ చూసుకోవడం మేలు, వెలుగు కొంచెం తగ్గుతుంది, భుజం మిగులుతుంది.

ఫోన్ తగిలించే అడాప్టర్ కూడా తీసుకున్నాను. ఫొటోలు ఓ మాదిరి. వీడియో అయితే పనికొచ్చింది, మగది కొమ్మ మీంచి లేచే ముందు ఏం చేసిందో తర్వాత నెమ్మదిగా మళ్లీ చూసుకోవచ్చు.

స్కోప్, బైనాక్యులర్స్, కాగితం, మూడూ కలిస్తేనే ఇలాకా కనిపిస్తుంది. నేను చేసింది చాలా మామూలు పని. గూడు మధ్యలో పెట్టి ఒక మ్యాప్ గీసుకున్నాను. ఎవరైనా ఇలాకాలోకి వచ్చినప్పుడల్లా టైము, వచ్చింది ఏ పక్షి, ఏ దిక్కు నుంచి, ఎంత దూరంలో ఉండగా కాపలా పక్షి కదిలింది, కూతతో సరిపెట్టిందా, పైన చుట్లు తిరిగిందా, తరిమిందా, తగిలిందా, ఎక్కడి నుంచి వెనక్కి వచ్చింది అని రాసుకోవడం. ఆ వెనక్కి తిరిగిన చోట్లన్నీ చుక్కలు పెడుతూ పోతే కొన్ని వారాలకి చుక్కలు ఒక గీతలా కలిశాయి. పైన చెప్పిన ఆ వరుస చెట్లు ఆ గీతలో ఒక భాగం. గీత గుండ్రంగా లేదు, ఎండుకొమ్మ ఉన్న వైపు పొడుగ్గా సాగి ఉంది, వెనక వైపు గూటికి బాగా దగ్గరగా ఉంది. అవతల వేటకి ఎంతో దూరం వెళ్తాయి, అక్కడ ఇంకో గద్ద పక్కనుంచి పోయినా పట్టించుకోవు. తిరిగేదంతా ఇలాకా కాదు, కాచుకునేదే ఇలాకా అని చదివిన మాట, కాగితం మీద చుక్కల్లో చూశాక మనసుకెక్కింది.

వచ్చిన వాళ్లందరి మీదా ఒకే కోపం లేదు. కొత్త గద్ద అయితే బాగా దూరంలో ఉండగానే లేస్తుంది. పక్క ఇలాకా గద్ద తన మామూలు దారిలో పోతుంటే ఈకలు కూడా సర్దుకోదు, అదే గద్ద ఆ దారి తప్పి ఇటు వంగితే మాత్రం వెంటనే కూత. కాకులు గూటి చెట్టు మీదికి వచ్చేదాకా ఓర్చుకుంటుంది. ఇవన్నీ ఈ ఒక్క జత సంగతులు, ఇంకో జత ఇంకోలా ఉండొచ్చు. పక్షిని బట్టి కూడా మారుతుంది, చేపలు పట్టుకునే కొరమీను గద్ద ముఖ్యంగా గూటిని కాచుకుంటుంది, చేపలుండే నీటిని పెద్దగా కాచుకోదు.

కొండ అంచు మీద గూడు పెట్టే బైరి డేగ లాంటివి చూసేవాళ్లకి ఈ స్కోప్ ఇంకా బాగా పనికొస్తుందని నా అభిప్రాయం. రాతి మీద అది గంటలు కూర్చుంటుంది, ఎదురుగా దూరం నుంచి చూడొచ్చు, అడ్డం వచ్చే ఆకులుండవు. అది పైనుంచి వేట మీదికి దూకడం మాత్రం, గంటకి 300 కిలోమీటర్లు దాటే వేగం, స్కోప్‌లో పట్టుకోవాలని చూడకండి. దట్టమైన అడవి లోపల గూడు పెట్టే డేగలకి ఇది దండగ, 450 మీటర్ల దూరం నుంచి ఆకులే కనిపిస్తాయి.

ఇంకో సంగతి, స్కోప్ ఉంది కదా అని దూరం సరిపోయిందని అనుకోకండి. పక్షి మిమ్మల్నే చూస్తుంటే, మీరొచ్చాక కూత మొదలైతే, తిండి పట్టుకొచ్చి గూటికి వెళ్లకుండా పక్క కొమ్మ మీద కూర్చుండిపోతే, మీరింకా దగ్గరగానే ఉన్నట్టు. లేచి వెనక్కి వెళ్లిపోండి, అది తీరిగ్గా ఈకలు దువ్వుకునే దాకా వెళ్లండి. గూడు ఎక్కడుందో ఎవరికీ చెప్పకండి, ఫొటో పెట్టినా చోటు తెలియకుండా పెట్టండి. వీటిని నేను స్కోప్ వాడే పద్ధతిలో భాగంగానే చూస్తున్నాను, ట్రైపాడ్ బిగించడం ఎంతో ఇదీ అంతే.

కొనేవాళ్లు షాపులో ఎదురు గోడ మీది బోర్డు చదివి సరే అనుకోకండి, దానికి ఏ స్కోప్ అయినా చాలు. బయటికి తీసుకెళ్లి ఆకాశం ముందున్న కరెంటు తీగ మీద పెట్టండి, 20 నుంచి మొదలుపెట్టి 60 దాకా తిప్పుతూ ఊదా అంచు ఎక్కడ మొదలవుతుందో చూడండి. మీ కళ్లజోడు పెట్టుకునే చూడండి. ఆ తర్వాత కాలర్ స్క్రూ బిగించి, తీగని గుండ్రం మధ్యలో పెట్టి, చేతులు తీసేసి ఐదు నిమిషాలు ఆగండి. తీగ పెట్టినచోటే ఉంటే తీసుకోండి.